ఉసూరుమన్న మనసుకు ఎదురుమాట

(మహిళల కార్యక్రమంలో చేసిన ప్రసంగ పాఠం)

వంటింటి పని ఓ కొలిక్కి వచ్చి, కాస్త నడుం వాల్చే వేళ ఇది. ఈ వేళప్పుడు పెద్ద పెద్ద సంగతులు చెప్పి మిమ్మల్ని విసిగించను. ఒక్క మాట గురించి, ఆ మాటకు వ్యతిరేక పదం గురించి మాట్లాడుకుందాం. వ్యతిరేక పదాలేమిటి, చిన్నపిల్లల హోంవర్కులాగా అంటారేమో! నిజమే. కాని ఈ హోంవర్కు నేను చెయ్యలేక తెల్లమొహం వేశాను. ఆ కథ చెబుతాను వినండి.

మా రెండో అమ్మాయి టెక్సాస్‌లో వుంటుంది. దాని కూతురికి పదమూడేళ్ళు. స్కూల్లో వయొలిన్ వాయిస్తుంది. ఒకరోజు పొద్దున్నే వీడియోలో కనిపించి, ముఖం వేలాడేసుకుని, "అమ్మమ్మా, ఐయామ్ బమ్డ్" అంది. నాకు అర్థం కాలేదు. "బొమ్మేమిటే?" అన్నాను. నవ్వలేదు. వెనకనుంచి మా అమ్మాయి అందుకుని, "ఆర్కెస్ట్రాలో పై గ్రూపుకి పరీక్ష పెట్టారమ్మా, దీనికి రాలేదు. డిసప్పాయింట్ అయింది" అని చెప్పింది.

అప్పుడు నేనేం చేశానో తెలుసా? మనందరం చేసేదే. "ఓస్, ఇంతేనా! పోనీలేవే. నీకేం తక్కువ? వచ్చే ఏడు వస్తుందిలే. ఏదీ, ఒక్కసారి నవ్వు, మా బంగారు తల్లివి కదూ" అన్నాను. అది నవ్వలేదు సరికదా, "ఓకే అమ్మమ్మా, బై" అని లేచి వెళ్ళిపోయింది. ఫోనులో ఖాళీ కుర్చీ ఒక్కటి మిగిలింది.

ఆ ఖాళీ కుర్చీ నన్ను రోజంతా వదల్లేదు. ప్రేమగానే మాట్లాడాను కదా, ఎక్కడ తప్పాను? మా ఎదురింట్లో ఇంగ్లీషు లెక్చరరుగా చేసి రిటైరయిన ఆవిడ వున్నారు. సాయంత్రం గుమ్మంలో పూలు కట్టుకుంటూ ఆవిడతో ఈ మాట అన్నాను. "బమ్డ్ అంటే ఏమిటండీ? దానికి వ్యతిరేకం ఏమిటి? ఆ పిల్లని అక్కణ్ణుంచి ఇటువైపు లాక్కురావాలంటే ఏ మాట వాడాలి?" అని అడిగాను.

ఆవిడకు చెప్పడమంటే ఇష్టం. "అది పుస్తకాల మాట కాదండీ, అమెరికా కుర్రకారు మాట. పనీపాటా లేకుండా తిరిగేవాణ్ణి జర్మను భాషలో ఏదో అంటారు, దాంట్లోంచి పుట్టిందంటారు. 1960ల్లో అక్కడి యువకులు చేదు అనుభవం ఏది ఎదురైనా 'బమ్మర్' అనడం మొదలుపెట్టారు. అలా దిగాలు పడ్డవాళ్ళు బమ్డ్ అయ్యారు" అన్నారు. "మరి డిసప్పాయింట్ అనే పెద్ద మాట వుంది చూశారూ, దాని పుట్టుక ఇంకా చిత్రం. అది ఫ్రెంచి నుంచి వచ్చింది. ఒక పదవిలో నియమించిన మనిషిని ఆ పదవిలోంచి తీసెయ్యడం అని దాని మొదటి అర్థం" అన్నారు.

చేతిలో పూలు చేతిలోనే వుండిపోయాయి. ఎంత సరైన మాట! మన మనసులో మనం ఒక కుర్చీ వేసుకుంటాం. అందులో కూచున్నట్టే వూహించుకుంటాం. పట్టుచీర కట్టుకుని ఆ పెళ్ళికి వెళ్ళినట్టు, కొడుక్కి సీటు వచ్చినట్టు, సొంత ఇంటికి పాలు పొంగించినట్టు. ఎవరో వచ్చి ఆ కుర్చీ లాగేస్తారు. చూసేవాళ్ళకి, "లేనిదేగా పోయింది, వున్నదేం పోలేదుగా" అనిపిస్తుంది. కూచున్నవాళ్ళకే నడ్డి విరుగుతుంది.

ఇక వ్యతిరేక పదాలు. ఆవిడ వేళ్ళు మడిచి లెక్కపెట్టారు. ఇంగ్లీషువాళ్ళకి ఒకటి కాదు, బోలెడున్నాయి. ఇలేటెడ్ అంటే లాటిన్‌లో పైకి ఎత్తబడడం. అంటే మనం గాల్లో తేలిపోవడం అంటామే, అది. థ్రిల్డ్ అంటే అసలు అర్థం గుచ్చుకుని దూసుకుపోవడం. ముక్కు రంధ్రాన్ని చెప్పే ఇంగ్లీషు మాటలోనూ ఆ పాత ముక్కే వుందట! గ్లాడ్ అంటే ఒకప్పుడు కాంతిగా మెరవడం. రిలీవ్డ్ అంటే బరువు దించి తేలిక చెయ్యడం. ఎంకరేజ్ చెయ్యడం అంటే గుండెనివ్వడం, అందులో ఫ్రెంచివాళ్ళ 'గుండె' వుంది. కంటెంట్ అంటే తన హద్దులో తాను నిండుగా ఇమిడి వుండడం. కాలిఫోర్నియాలో సముద్రపు అలల మీద పలకలెక్కి జారే కుర్రాళ్ళు ఇంకో మాట ప్రచారం చేశారు, స్టోక్డ్ అని. అంటే పొయ్యిలో కట్టెలు ఎగదోసినట్టు ఉత్సాహం మండడం. ఈ మాట మటుకు నాకు భలే నచ్చింది. తడికట్టెల పొయ్యి ముందు కూచుని, కళ్ళు మండుతుంటే గొట్టంతో వూదినవాళ్ళకి ఎగదోయడమంటే ఏమిటో ఒకరు చెప్పాలా?

చూశారా, ఒక దిగులుకి ఇన్ని ఎదురుమాటలు. ఎత్తడం వేరు, దించడం వేరు, వెలిగించడం వేరు, గుండెనివ్వడం వేరు. బరువు దించాల్సినచోట పైకెగరేస్తే మనిషి పడిపోతుంది. నేను ఆ పిల్లని నవ్వమన్నాను. అంటే ఎగరమన్నాను. దాని నెత్తిన మూట అలాగే వుంది.

సరే, ఇంగ్లీషు సంగతి అటుంచి మన తెలుగుకి వద్దాం. నిరాశ అనేది పుస్తకాల మాట. ఇంట్లో మనం ఆ మాట వాడం. మరి ఏమంటాం? నాలుగు మాటలు చెబుతాను. మీ ఇంట్లో ఎప్పుడెప్పుడు విన్నారో గుర్తు చేసుకోండి.

మొదటిది, ముఖం చిన్నబోవడం. పిల్లాడు బొమ్మ గీసి తండ్రికి చూపిస్తాడు. ఆయన పేపరు లోంచి తలెత్తకుండా "వూఁ" అంటాడు. కోడలు మొదటిసారి గుత్తివంకాయ కూర చేస్తుంది. అందరూ తిని లేస్తారు, ఒక్కరూ బాగుందని అనరు. ఇక్కడ పోయింది గుర్తింపు. దీనికి వ్యతిరేకం కూడా తెలుగువాళ్ళే చెప్పారు, ముఖం చేటంత కావడం. దానికి ఖర్చేమీ లేదు. ఒక్క చూపు, ఒక్క మాట.

రెండోది, గుండె జారిపోవడం. రిజల్టు రాలేదు, డాక్టరు ఇంకో పరీక్ష చేయించమన్నాడు, వస్తామన్న పెళ్ళివారు కబురు చెయ్యలేదు. ఇక్కడ పోయింది భరోసా. దీనికి ఎదురు గుండె కుదుటపడడం. ఈ మనిషికి మెచ్చుకోలు పనికిరాదు. "నేను కూడా వస్తాను పద, ఇద్దరం కలిసి కనుక్కుందాం" అనే మనిషి కావాలి.

మూడోది, నీరుగారిపోవడం. డీలాపడడం అనీ అంటాం. రాత్రింబవళ్ళు కష్టపడిన పని పాడైపోయింది. కుట్టుమిషను కొనుక్కుని మొదలెట్టిన వ్యాపారం నడవలేదు. నెలంతా చదివిన పరీక్ష పోయింది. ఇక్కడ పోయింది శ్రమ. దీనికి వ్యతిరేకం పుంజుకోవడం. దానికి కాస్త విశ్రాంతి, కాస్త చేయూత, ఇంకో అవకాశం కావాలి.

నాలుగోది, అన్నిటికన్నా మెత్తనిది, ప్రాణం ఉసూరుమనడం. సంక్రాంతికి కొడుకు వస్తానన్నాడు. తల్లి అరిసెలు వండింది, దుప్పట్లు ఉతికింది, గది కడిగింది. భోగి ముందురోజు ఫోనొచ్చింది, సెలవు దొరకలేదని. ఆ తల్లి ఏడవదు. గట్టిగా ఒక్క నిట్టూర్పు విడుస్తుంది. ఇక్కడ పోయింది ఎదురుచూపు. దీనికి ఎదురు ప్రాణం లేచిరావడం. మనిషి కనిపిస్తే తప్ప లేచిరాదు. డబ్బు పంపితే రాదు, చీర పంపితే రాదు.

కాబట్టి నేను చెప్పొచ్చే మొదటి మాట ఇదీ. ఇంట్లో ఎవరైనా దిగులుగా వుంటే, ఓదార్చడానికి ముందు, ఏది పోయిందో అడగండి. అది తెలియకుండా ఏ మాటా వెయ్యకండి. తలనొప్పికీ కడుపునొప్పికీ ఒకటే మాత్ర వెయ్యం కదా!

ఇప్పుడు రెండో సంగతికి వస్తున్నాను. ఇది కొంచెం నా సొంత గొడవ. అయినా మీలో చాలామంది గొడవ కూడా అయివుంటుందని చెబుతున్నాను.

1968లో నేను పి.యు.సి. ఫస్టు క్లాసులో పాసయ్యాను. బి.ఏ. చదవాలని, తరవాత టీచర్ని కావాలని నా మనసులో వేసుకున్న కుర్చీ. కాలేజీ అప్లికేషను నింపి నాన్నగారి బల్లమీద పెట్టాను. అది వారం రోజులు అక్కడే వుంది. ఎనిమిదోరోజు దానిమీద పెళ్ళిచూపులకి వచ్చేవాళ్ళ వుత్తరం వుంది. నాన్నగారు కోపపడలేదు, తిట్టలేదు. "మంచి సంబంధం తల్లీ" అన్నారు. అంతే.

ఆ రాత్రి ఏడుస్తుంటే మా నాన్నమ్మ పక్కన పడుకోబెట్టుకుని పింగళ కథ చెప్పింది. భాగవతం పదకొండో స్కంధంలో వుంది. పింగళ ఒక వేశ్య. చక్కగా అలంకరించుకుని గుమ్మంలో నిలబడి, ధనవంతుడెవడైనా వస్తాడని అర్ధరాత్రి దాకా ఎదురుచూసింది. లోపలికి వెళ్ళడం, మళ్ళీ బయటికి రావడం. ఎవరూ రాలేదు. చివరికి ఆశ వదిలేసుకుంది. వదిలేసి, దేవుడి మీద మనసు పెట్టుకుని, హాయిగా నిద్రపోయింది. ఆశే దుఃఖం, ఆశ లేకపోవడమే సుఖం అని ఆ కథలో నీతి. అవధూత తనకు గురువులని చెప్పిన ఇరవై నలుగురిలో ఆ పింగళ ఒకర్తె.

"కాబట్టి నువ్వూ ఆశ వదులుకో, తృప్తిగా వుండు. నిద్ర పడుతుంది" అంది నాన్నమ్మ. పాపం, ఆవిడ తనకి తెలిసిన మందే నాకు వేసింది. గొప్ప కథే అది. కాని ఒక్క తేడా వుంది, నాకు చాలా ఏళ్ళకి గానీ తట్టలేదు. పింగళ ఆశని తనంతట తాను వదిలింది. నా చేత వదిలించారు. తనంతట తాను వదిలితే వైరాగ్యం. ఇంకొకళ్ళు వదిలిస్తే అది సరిపెట్టుకోవడం. పైకి రెండూ ఒకలాగే కనిపిస్తాయి. నిద్ర దగ్గర తేడా తెలుస్తుంది.

తృప్తి అనే మాటని మన ఆడవాళ్ళ దగ్గర ఎంత చవగ్గా వాడేస్తారో గమనించారా? "ఉన్నదాంతో తృప్తి పడాలమ్మా." తద్దినంనాడు భోక్తలు తిన్నాక, తృప్తి అయిందా అని అడుగుతారు. అయిందని వాళ్ళంటారు. అంటే తృప్తి అనేది భోజనమయ్యాక చెప్పే మాట. విస్తరి వెయ్యకుండానే చెప్పించే మాట కాదు. ఇంగ్లీషులో శాటిస్‌ఫైడ్ అన్నా అదేనని ఎదురింటావిడ చెప్పారు, చాలినంత చెయ్యడం అని. కాస్తయినా వడ్డించాలి కదా, చాలిందనడానికి!

అందుచేత నిరాశకి వ్యతిరేక పదం సరిపెట్టుకోవడం కాదు. ఎవరు చెప్పినా నమ్మకండి. అది నిరాశకి కట్టిన మంచి చీర, అంతే.

మరి అసలు వ్యతిరేక పదం ఏమిటి? నాకది సుందరకాండలో దొరికింది. పెళ్ళయ్యాక మా అత్తగారు నా చేత పారాయణ చేయించేవారు. మీలో ఎందరో చేసేవుంటారు. పిల్లల ఆరోగ్యానికని, కష్టాలు తీరాలని చదువుతాం. గబగబా చదివేస్తాం. ఈసారి పన్నెండు, పదమూడు సర్గలు కాస్త ఆగి చదవండి.

అంతకుముందు హనుమంతుడు రావణుడి అంతఃపురంలో నిద్రపోతున్న మండోదరిని చూసి సీతమ్మే అనుకున్నాడు. ఇక ఆనందం చూడాలి! గంతులు వేశాడు, తోకని ముద్దుపెట్టుకున్నాడు, స్తంభాలెక్కి దూకాడు. ఇంగ్లీషువాళ్ళ ఇలేటెడ్ అంటే అదే. గాల్లో తేలిపోవడం. అంతలోనే, రాముణ్ణి ఎడబాసిన సీత ఇలా సుఖంగా నిద్రపోదు కదా అని బుద్ధికి తట్టింది. చల్లబడిపోయాడు. మళ్ళీ వెతికాడు. ఎక్కడా కనిపించలేదు. అంత సముద్రం దాటి వచ్చినవాడు నీరుగారిపోయాడు.

అక్కడ వాల్మీకి హనుమంతుడి చేత ఒక మాట అనిపించాడు. అనిర్వేదం. నిర్వేదం అంటే దిగులుపడి చతికిలబడడం. అనిర్వేదం అంటే అలా చతికిలబడకపోవడం. సంపదకి మూలం అదే, సుఖం కూడా అదే అని హనుమంతుడు తనకు తానే చెప్పుకుంటాడు. చూశారా! సంతోషం అనలేదు, విజయం అనలేదు, తృప్తి అనలేదు. చతికిలబడకపోవడం అన్నాడు. నేను వెతుకుతున్న ఎదురుమాట అచ్చంగా అదే.

అయితే ఆ మాట అనుకోగానే అంతా సర్దుకుందా? లేదు. మళ్ళీ వెతికాడు, మళ్ళీ కనిపించలేదు. పదమూడో సర్గలో మొదటిసారి కంటే ఎక్కువ కుంగిపోయాడు. నేను వట్టి చేతులతో వెళితే రాముడు బతకడు, లక్ష్మణుడు బతకడు, ఇక వాళ్ళ వెనక ఎందరో అని లెక్కలు వేసుకున్నాడు. వెనక్కి వెళ్ళనే వద్దనుకున్నాడు. చచ్చిపోదామని కూడా అనుకున్నాడు. అంతటి హనుమంతుడు! అలా అనుకుని, చావడంలో ఎన్నో దోషాలున్నాయి, బతికి వుంటే ఎప్పటికైనా మంచిని చూడొచ్చు అని నిలదొక్కుకున్నాడు. నిలదొక్కుకుని తలెత్తి చూస్తే, అదుగో, తను ఇంకా వెతకని తోట ఒకటి కనిపించింది. అశోకవనం.

అక్కడ సీతమ్మ నిజంగా కనిపించినప్పుడు గంతులు వెయ్యలేదు, గమనించండి. చెట్టుకొమ్మల మధ్య ఒదిగి కూచుని ఆనందంతో కన్నీళ్ళు పెట్టుకున్నాడు. గంతులు వేసింది అబద్ధపు సీత దగ్గర.

నా వెతకని తోట 1986లో కనిపించింది. ఆంధ్రప్రదేశ్ ఓపెన్ యూనివర్సిటీ 1982లో హైదరాబాదులో పెట్టారు. 1991లో దానికి అంబేద్కర్ గారి పేరు పెట్టారు. రోజూ కాలేజీకి వెళ్ళనక్కర్లేదు, ఇంటి దగ్గర పుస్తకాలు చదువుకుని పరీక్షలు రాయొచ్చు. అటుకుల పొట్లం విప్పుతుంటే ఆ కాగితం మీద ప్రకటన చూశాను. నిజానికి ఆ యూనివర్సిటీ పెట్టి నాలుగేళ్ళయింది. తోట అక్కడే వుంది. తలెత్తి చూడనిది నేనే.

మావారు "ఈ వయసులోనా?" అన్నారు. నాకప్పుడు ముప్ఫయి నాలుగు. మా అత్తగారు అరటిపువ్వు వలుస్తున్నారు. తలెత్తకుండానే, "క్లాసులున్న రోజు వంట నేను చేస్తాలే అమ్మాయ్. పులుసు మాత్రం బాగాలేదనకండి" అన్నారు. ప్రాణం లేచిరావడం అంటే ఏమిటో ఆవేళ తెలిసింది.

అలాగని వెంటనే దిగ్విజయం అనుకోకండి. మొదటి ఏడు ఎకనామిక్స్ పేపరు పోయింది. మార్కుల కాగితం చేత్తో పట్టుకుని పెరట్లో అరుగుమీద కూచున్నాను. మావారు "పోనీలే, ఇప్పుడు నువ్వు డిగ్రీ తెచ్చి ఎవర్ని వుద్ధరించాలి?" అన్నారు. ఆయనా ఓదార్పుగానే అన్నారు. అప్పుడు మా రెండో అమ్మాయి, ఏడేళ్ళది, స్కూలు నుంచి వచ్చి పక్కన చేరి, కాగితం తిప్పి చూసి, "ఏ ప్రశ్న రాలేదమ్మా?" అని అడిగింది.

అంతే. ఇంకేమీ అనలేదు. పోనీలే అనలేదు, ఏడవకు అనలేదు. ఏ ప్రశ్న రాలేదని అడిగింది. నేను చెప్పాను, గిరాకీ, సరఫరా ప్రశ్న అని. "గిరాకీ అంటే?" అంది. దానికి వంకాయల ధరతో చెప్పాను. చెబుతుంటే నాకే అర్థమయింది! మరుసటేడు ఆ పేపరు పాసయ్యాను. డిగ్రీ వచ్చింది. టీచరు వుద్యోగం రాలేదు, ఆ కుర్చీ పోనే పోయింది. కాని సాయంత్రాలు మా వీధి పిల్లలకి అరుగుమీద పాఠాలు చెప్పాను, ఇరవై ఏళ్ళ పైచిలుకు. కుర్చీ లేకపోతే అరుగు వుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ఇంటర్ రిజల్ట్స్ వచ్చిన రోజుల్లో పేపరు తెరవాలంటే భయమేస్తుంది. ఉసూరుమనడం నాలుగు రోజుల్లో తగ్గాలి. వారాలు గడిచినా తిండి, నిద్ర లేకుండా, ఎవరితోనూ మాట్లాడకుండా వుంటే, బతకడం దండగనే మాట నోట వస్తే, అది వట్టి నిరాశ కాదు. "ఊరికే అంటోందిలే" అని కొట్టిపారెయ్యకండి. ఆ పిల్లని ఒంటరిగా వదలకండి, డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. ప్రభుత్వం 2022లో టెలీ మానస్ అని పెట్టింది, 14416కి ఫోను చెయ్యొచ్చు. డబ్బులక్కర్లేదు, పేరు చెప్పనక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు. హనుమంతుడికే ఆ ఆలోచన వచ్చినప్పుడు మన పిల్లలకి రాదని ఎలా అనుకుంటాం? కాసేపు ఆపగలిగితే చాలు. తోట కనబడుతుంది.

ఇక మా మనవరాలి సంగతి చెప్పి ముగిస్తాను. మర్నాడు నేనే ఫోను చేశాను. నవ్వమనలేదు. "నిన్న నేను అడగనేలేదు. పరీక్షలో ఏం వాయించావే?" అన్నాను. చెప్పింది. "ఎక్కడ తప్పింది?" "పెద్దగా తప్పలేదు అమ్మమ్మా." "మరి?" కాసేపు గోళ్ళు గిల్లుకుంది. తరవాత మెల్లిగా బయటపడింది. అదీ, దాని స్నేహితురాలూ ఏడాదంతా కలిసి సాధన చేశారు. ఆ పిల్లకి వచ్చింది, దీనికి రాలేదు. ఇకనుంచి ఇద్దరూ పక్కపక్కన కూచోరు. అదీ దాని బాధ. పోయింది సీటు కాదు, పక్కన మనిషి! నేనేమో "నీకేం తక్కువ" అంటూ తెలివితేటల్ని పొగిడాను. తలనొప్పికి కడుపునొప్పి మాత్ర వేశాను.

నేను సలహా ఇవ్వలేదు. "అవునే, పక్కన మనిషి లేకపోతే వెలితిగానే వుంటుంది" అన్నాను. దాని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కాసేపు ఇద్దరం వూరికే కూచున్నాం, సముద్రాలకి అటొకళ్ళం, ఇటొకళ్ళం. ఫోను పెట్టేముందు మటుకు వయొలిన్ తెచ్చి, పరీక్షలో వాయించినదే నాకు వాయించి వినిపించింది. నాకు అందులో తప్పులు తెలియవు, కాబట్టి నేను మంచి శ్రోతనే.

రెండు వారాల తరవాత అడిగాను, "ఇప్పుడెలా వున్నావే? స్టోక్డా?" అని. నా ఇంగ్లీషుకి పకపకా నవ్వింది. "స్టోక్డ్ కాదు అమ్మమ్మా. కాని ఫర్వాలేదు" అంది. శనివారాలు ఇద్దరూ వీళ్ళింట్లో కలిసి వాయించుకుంటున్నారట. దాని వెతకని తోట అదే వెతుక్కుంది.

ఫర్వాలేదు! ఈ మాట మనం రోజుకి పదిసార్లు ఎదుటివాళ్ళ మీద పారేస్తాం. మనం అంటే అది తలుపు వేసెయ్యడం. దిగులుపడ్డ మనిషే ఎప్పుడో ఒకనాడు తనంతట తాను ఆ మాట అంటే, అది తలుపు తియ్యడం. అందాకా మనం చెయ్యాల్సింది గుమ్మంలో కూచోడమే.

ఇవాళ సాయంత్రం మీ ఇంట్లో ఎవరైనా ముఖం వేలాడేసుకుని వస్తే, పోనీలే అనకండి. కాఫీ ఇచ్చి, పక్కన కూచుని, ఏ ప్రశ్న రాలేదో అడగండి. ఇంట్లోవాళ్ళందరినీ అడగడం అయ్యాక, పొయ్యి కట్టేసి, ఒక్క నిమిషం మిమ్మల్ని మీరు కూడా అడగండి. మీ బల్లమీద ఏ కాగితం మీద ఏ వుత్తరం పడి వుందో ఓసారి తీసి చూడండి.